పొట్టి గొట్టం... పెద్ద వేట

*అమెరికాలో సైలెన్సర్ల మీద 91 ఏళ్లుగా ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1న సున్నా అయింది. దాంతో అక్కడి వేటగాళ్ల మాటలన్నీ ఇప్పుడు పొట్టి బ్యారెల్, సైలెన్సర్, దానికి సరిపడే తూటా చుట్టూనే తిరుగుతున్నాయి. ఏది కొనాలన్న ప్రశ్న తుపాకీ అంగట్లో మొదలవుతోంది. నిజానికి అది మొదలవ్వాల్సింది అడవిలో, జంతువు దగ్గర.*

అక్టోబరు నడిమి రోజులు. కొలరాడో రాష్ట్రంలో రాకీ పర్వతాల మీద, పదివేల అడుగుల ఎత్తున దట్టమైన అడవి. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. స్ప్రూస్ చెట్ల సందుల్లోంచి ఒక వేటగాడు అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తున్నాడు. ఒంటిమీద కళ్లు చెదిరే నారింజరంగు చొక్కా. వేరే వేటగాడు పొరబడి కాల్చకుండా ఆ రంగు గుడ్డ కనీసం 500 చదరపు అంగుళాలు కనిపించి తీరాలని అక్కడి రూలు. భుజాన తుపాకీ. దాని బ్యారెల్ 24 అంగుళాలు, మూతికి బిగించిన సైలెన్సర్ మరో ఏడు. తల మీదుగా పైకి పొడుచుకొచ్చిన ఆ గొట్టం వంగిన ప్రతి కొమ్మకూ తగులుకుంటోంది. అరవై గజాల అవతల మగ ఎల్క్ తలెత్తింది. మన కణుజు జాతికి దగ్గరిదే, మూడు వందల కిలోలు దాటే జంతువు. తుపాకీ భుజం మీంచి దించి తిప్పేలోగా ఎండుపుల్ల ఒకటి టప్పుమంది. ఎల్క్ చెట్లలో కలిసిపోయింది.

పక్క లోయలో ఇంకో వేటగాడికి ఆ రోజు అదృష్టం కలిసొచ్చింది. అతనిది సైలెన్సర్ లేని తుపాకీ. జంతువు అలికిడి వినాలి కాబట్టి చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు. కాల్చింది ఒక్కసారే. ఎల్క్ పడింది. ఆ సాయంత్రం మంట దగ్గర కూర్చున్నప్పుడు పక్కవాళ్లు పిలిచినా పలకలేదు. కుడిచేతివాటం వాళ్లకు తుపాకీ మూతి దగ్గరగా ఉండేది ఎడమచెవికి. అది ఇంకా గుయ్యిమంటూనే ఉంది.

ఏ వేట సీజన్‌లో చూసినా ఈ రెండు ఇబ్బందులూ ఉండేవే. ఒకరికి పొడవు, ఇంకొకరికి చప్పుడు. ఈ రెంటికీ ఒకేసారి మందు కనిపెట్టామంటోంది తుపాకీ పరిశ్రమ. బ్యారెల్ పొట్టి చేయండి, మూతికి సైలెన్సర్ బిగించండి అంటోంది. చెప్పినంత తేలికైన పనేనా అది?

పన్ను పోయింది... ఫారాలు మిగిలాయి

అమెరికాలో తుపాకీ దొరకడం తేలికన్న మాట నిజమే. సైలెన్సర్ సంగతి వేరు. 1934లో వచ్చిన జాతీయ తుపాకుల చట్టం దాన్ని మరతుపాకుల సరసన నిలబెట్టింది. కొనాలంటే ఫారాలు నింపాలి, ఫొటో ఇవ్వాలి, పది వేళ్ల ముద్రలు వేయాలి, 200 డాలర్లు కట్టాల్సి ఉండేది. ఆనాటి 200 డాలర్లంటే ఈనాటి లెక్కలో నాలుగు వేలు దాటుతాయి. మామూలు మనిషి కొనకూడదనే అంత పన్ను పెట్టారు. ద్రవ్యోల్బణంతోపాటు దాన్ని పెంచడం మాత్రం ఎవరికీ గుర్తురాలేదు. అలా ఏళ్లు గడిచేకొద్దీ పన్ను బరువు దానంతటదే తగ్గిపోయింది. విసిగించింది ఎదురుచూపు. అనుమతి చేతికొచ్చేసరికి నెలలు, ఒక్కోసారి ఏడాది పట్టేది. ఈమధ్యే దరఖాస్తులు ఆన్‌లైన్‌కి మారి ఆ గడువు బాగా తగ్గింది.

2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన భారీ బడ్జెట్ చట్టంలో ఈ పన్ను కథ ముగిసింది. సైలెన్సర్లను రిజిస్ట్రేషన్ నుంచే తప్పించాలని ఆయన పార్టీ సభ్యులు చూశారు. బడ్జెట్ బిల్లులో డబ్బుకు సంబంధించిన అంశాలే ఉండాలి, ఇది కుదరదని సెనేట్ నిబంధనల అధికారి తేల్చారు. చివరికి మిగిలింది పన్నును సున్నా చేయడం. సైలెన్సర్లకూ పొట్టి రైఫిళ్లకూ ఈ సున్నా వర్తిస్తుంది. మరతుపాకులకు 200 డాలర్లు అలాగే ఉన్నాయి. ఫారాలు, ఫొటోలు, వేలిముద్రలు, నేరచరిత్ర తనిఖీ ఎక్కడికీ పోలేదు. పన్నే లేనప్పుడు ఈ రిజిస్టరు ఎందుకంటూ కొన్ని సంఘాలు కోర్టుకెక్కాయి.

ఇక్కడ 'పొట్టి' అన్నదానికి చట్టం కొలత పెట్టింది. బ్యారెల్ 16 అంగుళాల లోపున్నా, తుపాకీ మొత్తం పొడవు 26 అంగుళాల లోపున్నా అది పొట్టి రైఫిల్. దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి. ఈ నియమం పుట్టిన తీరు తమాషాగా ఉంటుంది. 1934 బిల్లు మొదటి రూపంలో పిస్తోళ్ల మీదా ఆంక్షలుండేవి. రైఫిల్‌ను కోసి పిస్తోలులా దాచుకుంటారేమోనని ఈ క్లాజు చేర్చారు. చర్చల్లో పిస్తోళ్లు జారిపోయాయి, వాటికి కాపలాగా పెట్టిన క్లాజు మాత్రం నిలిచిపోయింది. అప్పుడు గీత 18 అంగుళాల దగ్గర ఉండేది. 1960లో రైఫిళ్లకు 16కి దించారు.

తండ్రిది మరతుపాకి... కొడుకుది సైలెన్సర్

ఈ కథలో మూలపురుషులు ఒకే ఇంటివాళ్లు. మొట్టమొదటి ఆటోమేటిక్ మరతుపాకిని తయారుచేసిన హైరమ్ మాక్సిమ్, సొంత తుపాకుల మోత వినీవినీ ముసలితనంలో దాదాపు పూర్తిగా చెవుడు తెచ్చుకున్నాడు. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు పొందాడు. చప్పుళ్లు తగ్గించడమే ఆ కొడుక్కి వృత్తిలాంటిది. మోటారు ఇంజన్ల పొగగొట్టాలకూ మఫ్లర్లు చేశాడు. ఇవాళ మన బైకు కింద ఉండే సైలెన్సర్‌లోనూ, తుపాకీ మూతికి బిగించేదానిలోనూ సూత్రం ఒక్కటే. వేడివేడిగా ఒక్కసారి బయటికి తన్నుకొచ్చే గ్యాసును గదుల్లో తిప్పి, చల్లార్చి, నిదానంగా వదిలిపెట్టడం. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దగ్గర కూడా మాక్సిమ్ సైలెన్సర్ అమర్చిన వించెస్టర్ రైఫిల్ ఉండేది.

అప్పట్లో అది హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సామాను. తర్వాత మద్యనిషేధం రోజులొచ్చాయి, ముఠాలు వీధుల్లోనే కాల్చుకున్నాయి. 1929లో షికాగోలో ఏడుగుర్ని గోడకు నిలబెట్టి కాల్చేశారు. ఆ వేడిలో వచ్చిన చట్టంలోకి సైలెన్సర్ కూడా చేరింది. విచిత్రమేమంటే కాంగ్రెస్ విచారణల్లో దాని గురించి పెద్దగా చర్చే జరగలేదు.

సముద్రం అవతల ఇంకోలా ఉంది. ఫిన్లండ్, నార్వేల్లో వేటకెళ్లేవాడి తుపాకీకి సైలెన్సర్ ఉండటం మామూలు సంగతి. న్యూజిలాండ్‌లోనూ అంతే. తుపాకుల విషయంలో ఎంతో కట్టుదిట్టంగా ఉండే జర్మనీ కూడా 2020లో వేటగాళ్లకు దారి సులువు చేసింది. ఆ దేశాల్లో దీన్ని చూసేది చెవి ఆరోగ్యం లెక్కన, చుట్టుపక్కల ఊళ్లవాళ్ల నిద్ర లెక్కన.

> చప్పుడు లెక్క
> • వేట రైఫిల్ పేలితే మూతి దగ్గర చప్పుడు సుమారు 155 నుంచి 170 డెసిబెల్స్.
> • ఒక్కసారి విన్నా చెవికి హాని అని నిపుణులు గీసిన గీత 140 డెసిబెల్స్.
> • మంచి సైలెన్సర్ తగ్గించేది 20 నుంచి 35 డెసిబెల్స్. సినిమాల్లో వినిపించే 'ఫుస్' ఇక్కడ ఉండదు. చప్పుడు గీత చుట్టుపక్కలకు దిగుతుంది, అంతే. అందుకే సైలెన్సర్ ఉన్నా చెవులకు అడ్డం పెట్టుకోమంటారు.
> • గాల్లో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1,100 అడుగులు. దాన్ని మించి వెళ్లే బుల్లెట్ గాలిని చీలుస్తూ కొరడా విసిరినట్టు శబ్దం చేస్తుంది. దాన్ని ఏ సైలెన్సరూ ఆపలేదు.

పొట్టిది ఎందుకు కావాలి?

సైలెన్సర్ పొడవు ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు. టైటానియంతో చేసినవైతే 300 నుంచి 450 గ్రాముల బరువు. భుజానికి మీటరు దూరంలో, గొట్టం కొసన వేలాడే ఆ అరకిలో లోపు బరువే నిలబడి గురిపెట్టేటప్పుడు చేతిని కిందికి లాగేస్తుంది. పెట్టెలాంటి చిన్న చెక్క మంచెలోనో, జీపు సీట్లోనో ఆ పొడవు తిప్పడం ఇంకా కష్టం. అందుకే కంపెనీలు కొన్నేళ్లుగా 16, 18, 20 అంగుళాల బ్యారెళ్లతో, మూతి దగ్గర మరలు కోసిన వేట రైఫిళ్లు దించుతున్నాయి. 16 అంగుళాల బ్యారెల్‌కు ఏడంగుళాల సైలెన్సర్ కలిపితే 23. తాతల నాటి మామూలు రైఫిల్ గొట్టం అంతే పొడవు. చేతికి తేడా తెలియదు.

సైన్యం కూడా ఇదే దారి పట్టింది. అమెరికా సైన్యం 2022లో ఎంచుకున్న కొత్త రైఫిల్ బ్యారెల్ సుమారు 13 అంగుళాలే. దానికి సైలెన్సర్ అదనపు హంగు కాదు, తుపాకీతోపాటే ఇస్తారు. అంత పొట్టి గొట్టంలోంచి కావలసిన వేగం రాబట్టడానికి మామూలు ఇత్తడి కేసు చాలక, కింద స్టీలు అతికిన కొత్తరకం తూటా చేశారు. ఆ ఆలోచన ఇప్పుడు వేటగాళ్ల అంగడికీ వచ్చేసింది.

కోసిన ప్రతి అంగుళానికీ ధర ఉంది

తూటా పేలినప్పుడు లోపలి మందు కాలి గ్యాసవుతుంది. ఆ గ్యాసు బుల్లెట్‌ను గొట్టం పొడుగునా తోస్తుంది. గొట్టం ఎంత పొట్టిదైతే తోసే సమయం అంత తక్కువ. మామూలు వేట తూటాల్లో అంగుళం తగ్గితే వేగం సెకనుకు 20, 30 అడుగులు పడిపోతుంది. మందు ఎక్కువగా కూరిన మ్యాగ్నం తూటాల్లో ఇంకా ఎక్కువ. వాటిలో కాలాల్సిన మందు కొంత గొట్టం బయటే మంటగా వెలుగుతుంది. చప్పుడు పెరుగుతుంది, సైలెన్సర్ లోపలి పలకలు త్వరగా అరుగుతాయి. ఏ తూటాకు కనీసం ఎంత బ్యారెల్ ఉండాలో సైలెన్సర్ కంపెనీలు జాబితాలిచ్చేది ఇందుకే. సైలెన్సర్ బిగించాలని గొట్టం కోసి, కోసినందుకే పెరిగిన చప్పుడును సైలెన్సర్‌తో అణచడమన్నమాట.

వేగం పోతే పోయింది, అంత నష్టమా? ఇక్కడే అసలు సంగతి ఉంది. వేట బుల్లెట్ పనిచేసేది గుచ్చుకోవడం వల్ల మాత్రమే కాదు. లోపలికి వెళ్లాక దాని మొన పుట్టగొడుగులా విచ్చుకోవాలి. అప్పుడే ఊపిరితిత్తులు, గుండె ఉన్నచోట పెద్ద గాయమై జంతువు క్షణాల్లో కూలుతుంది. విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు కొంత వేగం మిగిలుండాలి. చాలా బుల్లెట్లకు అది సెకనుకు 1,800 అడుగుల చుట్టుపక్కల. పూర్తిగా రాగితో చేసిన కొన్ని గట్టి బుల్లెట్లకు ఇంకాస్త ఎక్కువే కావాలి. అంతకన్నా నెమ్మదిగా తగిలితే సన్నటి రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది. జంతువు పరుగెత్తుతుంది. మైళ్ల దూరం వెళ్లి, ఏ పొదలోనో గంటలకొద్దీ యాతన పడి చస్తుంది. వేటగాడికి అది దొరకను కూడా దొరకదు.

లెక్క వేసి చూద్దాం. అమెరికాలో అందరికీ తెలిసిన తూటా .308 వించెస్టర్. 165 గ్రెయిన్ల బుల్లెట్, అంటే పదకొండు గ్రాములకు కాస్త తక్కువ. 24 అంగుళాల బ్యారెల్‌లోంచి అది సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయల్దేరుతుందనుకుంటే, 16 అంగుళాల దాంట్లోంచి 2,550 దగ్గర బయల్దేరుతుంది. వేగం 1,800కి పడిపోయేది మొదటిదాంట్లో సుమారు 480 గజాల దగ్గర, రెండోదాంట్లో 400 గజాల దగ్గర. ఎల్క్‌కు కనీసం 1,500 ఫుట్-పౌండ్ల శక్తి తగలాలని పాతకాపుల లెక్క ఒకటుంది. దాన్ని పట్టుకుంటే ఒకటి 360 గజాల దాకా, ఇంకొకటి 280 దాకా. ఎలా చూసినా ఎనిమిది అంగుళాలు కోసినందుకు పోయింది ఎనభై గజాలు.

అడవిలో తిరిగేవాడికి ఆ ఎనభై గజాలతో పనే లేదు. చెట్ల మధ్య రెండొందల గజాలు కనబడటమే గొప్ప. వయోమింగ్ బయళ్లలో, లోయకు ఈ ఒడ్డున పడుకుని ఆ ఒడ్డున ఉన్నదాన్ని కాల్చేవాడికి మాత్రం ఆ ఎనభై గజాలే ప్రాణం. ఇద్దరూ వేటగాళ్లే. ఒకరికి నప్పిన తుపాకీ ఇంకొకరికి తప్పుడు తుపాకీ.

> పొట్టి బ్యారెల్‌కు ఏ తూటా?
> .300 బ్లాకౌట్ (2011): సైలెన్సర్‌ను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. తొమ్మిది అంగుళాల గొట్టంలోనే మందు కాలిపోతుంది. వేగంగా వెళ్లే 110 గ్రెయిన్ల రకంతో వంద గజాల లోపు చిన్న జింకలకు, అడవిపందులకు చాలు. ఎల్క్ జోలికి పోకూడదు.
> .350 లెజెండ్ (2019): సాపు గోడల కేసు. మనుషులు ఒత్తుగా ఉండే చదును నేలల్లో దూరం పోయే తూటాలను వద్దన్న మధ్యపశ్చిమ రాష్ట్రాల కోసం వచ్చింది. నూటయాభై గజాల లోపు జింకలకు.
> 6.5 క్రీడ్‌మోర్ (2007), 7 ఎంఎం-08 (1980): భుజం మీద దెబ్బ తక్కువ. 18 నుంచి 20 అంగుళాల్లో బాగా పనిచేస్తాయి. కొత్తవాళ్లకు నప్పేవి.
> .308 వించెస్టర్ (1952): పదహారు అంగుళాలకు కోసినా పెద్దగా చిన్నబోదు. ఏ ఊరి దుకాణంలోనైనా తూటా దొరుకుతుంది.
> .338 ఫెడరల్ (2006): .308 కేసుకే మెడ వెడల్పు చేసి బరువైన బుల్లెట్ పెట్టారు. అడవిలో దగ్గరి నుంచి ఎల్క్‌కు గట్టి తూటా.
> 7 ఎంఎం బ్యాక్‌కంట్రీ (2025): స్టీలు కేసు, మామూలు తూటాలను మించిన ఒత్తిడి. 20 అంగుళాల గొట్టంలోంచే 170 గ్రెయిన్ల బుల్లెట్‌ను 3,000 అడుగుల వేగంతో పంపుతుందని కంపెనీ మాట. కొత్తది, ఆ ఒత్తిడి కోసమే తయారైన తుపాకీ కావాలి.

నెమ్మది తూటా అనే ఉచ్చు

సైలెన్సర్ కొన్న కొత్తలో ఎవరికైనా పుట్టే ఆశ ఒకటుంది. ఆ కొరడా చప్పుడు కూడా పోతే ఎంత బాగుంటుంది అని. దానికీ తూటాలున్నాయి. ధ్వని వేగానికి లోబడి, సెకనుకు వెయ్యి చిల్లర అడుగులతో నడిచే బరువైన బుల్లెట్లు. వాటితో కాలిస్తే నిజంగానే చప్పుడు చాలా తక్కువ.

కానీ తగిలే శక్తి చూడండి. .300 బ్లాకౌట్‌లో 190 గ్రెయిన్ల నెమ్మది బుల్లెట్ మూతి దగ్గరే 465 ఫుట్-పౌండ్లు మోస్తుంది. అదే తుపాకీలో వేగపు బుల్లెట్ 1,300 పైచిలుకు. ఈమధ్య పేరు తెచ్చుకున్న 8.6 బ్లాకౌట్‌లో 300 గ్రెయిన్ల నెమ్మది బుల్లెట్ కూడా 730 చుట్టుపక్కలే. అది తగిలాక విచ్చుకునేందుకు గొట్టంలో ప్రతి మూడంగుళాలకూ ఒక చుట్టు తిరిగేలా గాడి కోస్తారు. తెలివైన ఏర్పాటే. పందులకు, దగ్గర్లో నిలబడ్డ చిన్న జింకలకు అనుభవజ్ఞుడి చేతిలో పనిచేస్తుందేమో. పెద్ద వేటకు మాత్రం చట్టమే ఒప్పుకోని చోట్లున్నాయి.

కొలరాడోనే తీసుకోండి. అక్కడ పెద్ద జంతువుల వేటకు వాడే రైఫిల్ బ్యారెల్ కనీసం 16 అంగుళాలుండాలి. అంటే ఫెడరల్ కాగితాలన్నీ సరిగ్గా ఉన్న పొట్టి రైఫిలైనా ఎల్క్ వేటకు పనికిరాదు. బుల్లెట్ విచ్చుకునే రకమై ఉండాలి. జింకకు 70 గ్రెయిన్లు, ఎల్క్‌కు, మూస్ అనే మరో పెద్ద జింకకు 85 గ్రెయిన్లు తగ్గకూడదు. వంద గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్లు మిగిలుండాలి. పైన చెప్పిన నెమ్మది తూటాలు ఆ ఒక్క అంకె దగ్గరే ఆగిపోతాయి. సైలెన్సర్‌కు మాత్రం అక్కడ అభ్యంతరం లేదు.

దేశం మొత్తం మీద 42 రాష్ట్రాల్లో సైలెన్సర్ ఉంచుకోవచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, మసాచుసెట్స్ వంటి ఎనిమిదింట్లో నిషేధం. కనెటికట్‌లో ఉంచుకోవచ్చు గానీ వేటకు తీసుకెళ్లకూడదు. రాష్ట్రం సరిహద్దు దాటితే రూలు మారుతుంది. పొట్టి రైఫిల్‌నైతే సరిహద్దు దాటించడానికే ముందస్తు అనుమతి తీసుకోవాలి.

మరల దగ్గర మోసం

సైలెన్సర్ బిగించే చోటును దగ్గరగా చూస్తే ఈ వ్యవహారం ఎంత సున్నితమో తెలుస్తుంది. అమెరికాలో ఎక్కువగా కనిపించే కొలత: మూతి దగ్గర అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల మందం, అంగుళానికి 24 మరలు. ఆ మరలు బ్యారెల్ లోపలి రంధ్రానికి తిన్నగా లేకుండా వెంట్రుకవాసి వంకరపోయినా, ఏడంగుళాల అవతలికి వెళ్లేసరికి ఆ వంకర పెద్దదవుతుంది. బుల్లెట్ వెళ్లి సైలెన్సర్ లోపలి పలకను కొడుతుంది. వందల డాలర్ల వస్తువు చీలిపోతుంది, పక్కనున్నవాళ్లకు ప్రమాదం. అందుకే తెలిసిన తుపాకీ మేస్త్రీ ముందుగా ఖాళీ తుపాకీలో, బ్యారెల్ రంధ్రానికి సరిపోయే తిన్నటి స్టీలు కడ్డీని సైలెన్సర్ గుండా లోపలికి దించుతాడు. కొసన కడ్డీ రంధ్రానికి నట్టనడుమ నిలబడితేనే సరే అంటాడు.

బిగించాక తుపాకీ గురి మారుతుంది. మూతికి బరువు వేలాడటంతో బుల్లెట్ తగిలే చోటు కాస్త జరుగుతుంది. సైలెన్సర్‌తోనే వేటకెళ్లదలిస్తే సైలెన్సర్‌తోనే గురి సరిచూసుకోవాలి. జీపులో కుదుపులకు మరలు వదులవుతాయి. అడవిలో దిగగానే చేత్తో ఒకసారి తిప్పి చూసుకోవడం పాత వేటగాళ్లకు అలవాటు.

చెవి, భుజం, ఇంటి పిల్లలు

అమెరికా పల్లెల్లో వేట మగవాళ్ల సరదా మాత్రమే కాదు. నవంబరులో జింకల సీజన్ మొదలైతే తాత, తండ్రి, పదేళ్లు దాటిన మనవరాలు ఒకే మంచె మీద కూర్చునే ఇళ్లున్నాయి. ఫ్రీజర్ నిండా మాంసం ఏడాది తిండి. పిల్లలకు తుపాకీ నేర్పేటప్పుడు ఎదురయ్యే సమస్య భయం. మొదటి గుండు చప్పుడుకు, భుజం మీద దెబ్బకు బెదిరిన పిల్ల, రెండోసారి కళ్లు గట్టిగా మూసుకుని ట్రిగ్గర్ లాగుతుంది. గురి తప్పుతుంది. తప్పిన గురి అంటే గాయపడి పారిపోయిన జింక.

సైలెన్సర్ వల్ల ఎదురుదెబ్బ కూడా తగ్గుతుంది. బరువు పెరగడం ఒక కారణం, గ్యాసు ఒక్కసారిగా ఎగజిమ్మకపోవడం ఇంకొకటి. పక్కన కూర్చున్న తండ్రి గొంతు తగ్గించి చెప్పే మాట కూడా పిల్లకు వినిపిస్తుంది. కొత్తవాళ్లకు 7 ఎంఎం-08, 6.5 క్రీడ్‌మోర్ లాంటి మెత్తటి తూటా, పద్దెనిమిది అంగుళాల గొట్టం, సైలెన్సర్ అని నేర్పేవాళ్లు చెప్పడం ఇందుకే. వేటకుక్కల చెవులూ బతుకుతాయి.

అటువైపు వాళ్ల మాట

ఈ సడలింపు అందరికీ రుచించలేదు. తుపాకీ మోతే జనానికి మొదటి హెచ్చరిక, అది వినపడ్డాకే పరుగెత్తి ప్రాణాలు దక్కించుకుంటారని తుపాకీ నియంత్రణ సంఘాలు అంటాయి. 2019 మేలో వర్జీనియా బీచ్ నగరపాలక భవనంలో పన్నెండుగురిని చంపినవాడి పిస్తోలుకు సైలెన్సర్ ఉంది. 2024 డిసెంబరులో న్యూయార్క్ నడివీధిలో ఆరోగ్యబీమా సంస్థ అధిపతి బ్రయన్ థామ్సన్‌ను కాల్చిచంపిన ఆయుధానికీ సైలెన్సర్ ఉందని పోలీసులు చెప్పారు. చట్టబద్ధంగా రిజిస్టరైన సైలెన్సర్లతో నేరాలు అరుదని వేటగాళ్ల జవాబు. రిజిస్ట్రేషన్ ఉన్నందుకే అవి అరుదు అన్నది ఎదుటివాళ్ల తిరుగు జవాబు. ఈ రెండో వాదనను కొట్టిపారేయడం కష్టం. కాబట్టే పన్ను పోయినా వేలిముద్రలు మిగలడం అంత చెడ్డ బేరమేమీ కాదు.

హెచ్1బీ మీద ఉంటే జాగ్రత్త

డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల మనవాళ్లు వేలల్లో ఉన్నారు. వారాంతంలో సహోద్యోగి పొలంలో అడవిపందుల వేటకు పిలుపు రావడం అక్కడ వింతేమీ కాదు. అక్కడే ఒక చిక్కు ఉంది. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. దానికి ఇచ్చిన మినహాయింపుల్లో మామూలు మనిషికి అందుబాటులో ఉండేది ఒకటే, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. టెక్సస్ మాత్రం 2019 నుంచి ప్రైవేటు భూముల్లో అడవిపందుల వేటకు లైసెన్సే అక్కర్లేదంది. 'ఇక్కడ లైసెన్సుతో పనిలేదు, రా' అన్న స్నేహితుడి మాట అతని వరకు నిజమే. వీసా మీదున్న మనవాడు లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకుంటే అది ఫెడరల్ నేరం. తుపాకీ నేరానికి దేశం నుంచి పంపేసే అవకాశమూ ఉంది. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ చిక్కు లేదు. వీసావాళ్లు తుపాకీ ముట్టుకునే ముందు లాయర్‌ను ఒక్కమాట అడగడం మంచిది.

> మన దేశంలో...
> • 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తోంది. పంటలు తినే అడవిపందుల వంటివాటిని చంపాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి.
> • 1959 ఆయుధాల చట్టం ప్రకారం చప్పుడు, మంట తగ్గించే పరికరం కూడా తుపాకీ కిందే లెక్క.
> • అదే చట్టంలోని ఆరో సెక్షను లైసెన్సు లేకుండా తుపాకీ బ్యారెల్ పొట్టి చేయడాన్ని నిషేధిస్తుంది.

ఎంపిక ఏ వరసలో?

అంగడి తన వరసలో అమ్ముతుంది. పన్ను పోయింది కాబట్టి ముందు సైలెన్సర్, దానికి నప్పే పొట్టి తుపాకీ, ఆ తుపాకీలో పట్టే తూటా, చివరికి ఆ తూటాతో ఏం వేటాడొచ్చో చూద్దాం అనే వరస అది. ఈ దారిలో వెళ్లినవాడు పదంగుళాల గొట్టం, నెమ్మది తూటాతో ఎల్క్ ముందు నిలబడతాడు. చెవులు అతనివి బాగానే ఉంటాయి, యాతన జంతువుది.

తెలిసినవాళ్లది తలకిందుల వరస. ముందు జంతువు: జింకా, ఎల్కా, పందా? తర్వాత నేల: చెట్ల మధ్యా, బయళ్లా, దూరమెంత? తర్వాత ఆ రాష్ట్రం రూలు. ఈ మూడూ తేలాక తూటా. ఆ తూటా అంత దూరంలో విచ్చుకునే వేగంతో తగలడానికి ఎంత గొట్టం కావాలో అంత బ్యారెల్. చివర్లో సైలెన్సర్. ఈ వరసలో వెళ్తే చాలామంది 16, 18, 20 అంగుళాల మామూలు .308 దగ్గరో, 7 ఎంఎం-08 దగ్గరో ఆగుతారు. పదహారు లోపు పొట్టి రైఫిల్, దాని వేరే రిజిస్ట్రేషన్ చాలామంది పెద్ద వేటగాళ్లకు అక్కరకొచ్చేవి కావు.

ఇక మిగిలేది చేతిలో ఉన్నదాని హద్దు తెలుసుకోవడం. తూటా డబ్బా మీద అచ్చువేసిన వేగం సాధారణంగా 24 అంగుళాల పరీక్ష గొట్టంలో కొలిచింది. సీజన్‌కు ముందు సొంత తుపాకీతో, సైలెన్సర్ బిగించి, వేగం కొలిచే యంత్రం ముందు కాల్చి చూసుకోవాలి. తర్వాత ఎనిమిది అంగుళాల పళ్లెం ఒకటి నిలబెట్టి, బల్ల మీద ఆనించకుండా, అడవిలో కాల్చినట్టే మోకాలి మీద కూర్చుని కాల్చాలి. ప్రతి గుండూ పళ్లెంలో పడే దూరం ఒకటి, బుల్లెట్ విచ్చుకునే వేగం మిగిలే దూరం ఇంకొకటి. ఆ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఆ ఏడాదికి అతని హద్దు. ఎంత పెద్ద కొమ్ములున్న ఎల్క్ కనబడినా, హద్దుకు అవతలుంటే కాల్చకూడదు. దగ్గరికి వెళ్లే ఓపికుంటే నడవాలి, లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ రావాలి.